అయిదు ఆరామాలు, ఒక్క రోజు: పంచారామ బస్సు యాత్రపై సమీక్ష

కార్తీక మాసం వచ్చిందంటే విజయవాడ నుంచి పంచారామాలకు బయలుదేరే బస్సులకు లెక్క ఉండదు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఈ అయిదు క్షేత్రాలనూ ఒకే రోజున దర్శించుకుంటే విశేష పుణ్యమన్న నమ్మకం బలంగా ఉండటం వల్ల, ఆది, సోమవారాల్లో సీటు దొరకడమే కష్టమవుతుంది. గత కార్తీకంలో నేనూ మా అమ్మా ఒక ప్రైవేటు యాత్రా సంస్థ నడిపే బస్సులో వెళ్లి వచ్చాము. ఇక్కడ రాయబోయే మంచిచెడ్డలు ఈ యాత్ర నడిపే చాలామందికి వర్తిస్తాయి కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

తలకు 1,400 రూపాయలు తీసుకున్నారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరాల్సిన బస్సు నాలుగుంబావుకు కదిలింది. సీట్లు శుభ్రంగా ఉన్నాయి, డ్రైవర్లు ఇద్దరూ నెమ్మదస్తులు, ఫలహారమూ భోజనమూ వేళకు అందాయి. ఈ విషయాల్లో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నేను ఈ సంస్థనే ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. వారు ప్రతి బస్సులోనూ క్షేత్రాల గురించి చెప్పే ఒక వ్యాఖ్యాతను పంపుతారు. మా బస్సులో వచ్చినవారు సంస్కృతం బోధించి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన. అందరూ ఆయన్ను మాస్టారూ అనే పిలిచారు. అమరావతి వెళ్లే దారిలో, ఇంకా చీకటి విచ్చకముందే, ఆయన మైకు అందుకుని ఒక్క ప్రశ్న వేశారు: "మనం అయిదు ఆరామాలకు వెళ్తున్నాం కదా, ఆరామం అంటే ఏమిటి?" ఒకరు గుడి అన్నారు, ఒకరు ఆశ్రమం అన్నారు. వెనక సీట్లోంచి ఒక కుర్రవాడు సంస్థవారు పంచిన కరపత్రం చూసి "రాముడు ప్రతిష్ఠించిన చోటు" అని చదివాడు. కరపత్రంలో నిజంగానే అలా అచ్చయి ఉంది.

మాస్టారు ఆ కుర్రవాణ్ణి నొప్పించకుండా, కరపత్రంలోది పొరపాటని చెప్పి, మాటను మొదటి నుంచి విప్పారు. ఆరామం అన్న మాటకు మూలం "రమ్" అనే ధాతువు. ధాతుపాఠంలో దానికి క్రీడించడం అన్న అర్థం చెప్పారు. రమించడం, రమణీయం, రమ్యం, రాముడు, అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. అయితే దానికి అంతకంటే పాత అర్థం మరొకటి ఉంది. వేదభాషలో రమ్ అంటే కదలకుండా నిలవడం, ఆగడం, సేదదీరడం. "వి" చేరితే విరామం అయింది, "ఆ" చేరితే ఆరామం అయింది. పాణిని ఈ రెండు ఉపసర్గలనూ ఒకే సూత్రంలో కలిపి చెప్పాడు: "వ్యాఙ్పరిభ్యో రమః". రమ్ ధాతువు మామూలుగా ఆత్మనేపదం అనే క్రియారూపాల్లో నడుస్తుంది కానీ, వి, ఆ, పరి అనే ఉపసర్గలు ముందు చేరినప్పుడు పరస్మైపదంలోకి మారుతుందని ఆ సూత్రానికి అర్థం. వ్యాకరణం తెలియని మావంటివారికి ఆత్మనేపదాల సంగతి పట్టలేదు గానీ, విరామమూ ఆరామమూ తోబుట్టువులన్న మాట మాత్రం బస్సులో అందరికీ పట్టింది.

తరువాత సంస్కృత నిఘంటువు అమరకోశంలోని పంక్తి చదివారు: "ఆరామః స్యాదుపవనం కృత్రిమం వనమేవ యత్". దానంతట అది మొలిచిన అడవి కాదు, మనుషులు నాటి, నీళ్లు పోసి పెంచిన వనం ఆరామం. తెలుగులో చెప్పాలంటే తోట. అంటే ఈ మాటలో మొదట గుడీ లేదు, దేవుడూ లేడు, ఏ మతమూ లేదు. మనసు నిలిచే చోటు, నీడ ఉన్న చోటు అన్న అర్థమే ఉంది.

తోట అన్న మాట పుణ్యస్థలానికి పేరు కావడానికి బౌద్ధులు ప్రధాన కారణమని మాస్టారు చెప్పిన తీరు నాకు ఎంతో నచ్చింది. బుద్ధుడూ భిక్షువులూ ఊరూరా తిరిగేవారు. వర్షాకాలంలో మాత్రం మూడు నెలలు ఒకచోట ఉండాలన్నది వారి నియమం. మరి ఎక్కడ ఉండాలి? మగధ రాజు బింబిసారుడు బుద్ధునికి తగిన చోటు గురించి ఆలోచించిన తీరు భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఉంది: ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు, రావాలనుకున్నవారికి రాకపోకలు సులువుగా ఉండాలి, పగలు జనసమ్మర్దం ఉండకూడదు, రాత్రి సద్దు ఉండకూడదు. అలా ఆలోచించి, రాజగృహం దగ్గరి తన వెదురు తోటను, వేణువనాన్ని, భిక్షువుల సంఘానికి దానమిచ్చాడు. సంఘం స్వీకరించిన మొదటి ఆరామం అదే. ఆ తరువాత శ్రావస్తిలో అనాథపిండికుడు ఇచ్చిన జేతవనం వచ్చింది. పాలి సూత్రాలు ఎన్నో "జేతవనంలో, అనాథపిండికుని ఆరామంలో భగవానుడు ఉండగా" అని మొదలవుతాయి. క్రమంగా తోటలో విహారాలు లేచాయి, స్తూపాలు లేచాయి, తోట అన్న పేరు మొత్తం ఆవరణకు అంటుకుంది. సంఘం ఉండే ఆరామం సంఘారామం. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్న ఊరి పేరు శంకరం. సంఘారామం అన్న మాటే జనం నోట అలా మారిందంటారు. అక్కడ కొండరాతిలో తొలిచిన చిన్న చిన్న స్తూపాలు వరుసలు వరుసలుగా ఉంటాయి. వాటిని చూసి తరువాతి కాలంవారు లింగాలనుకున్నారు, కొండకు ఆ పేరే పెట్టారు. ఒక పూజాస్థలం చేతులు మారేటప్పుడు పేర్లకు ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అమరావతి చేరేసరికి తెల్లవారింది. కృష్ణలో స్నానాలు, గట్టు మీద దీపాలు, అమరేశ్వరుని దర్శనం అయ్యాయి. పదిహేను అడుగుల శ్వేతలింగాన్ని మెట్లెక్కి పై నుంచి చూడాలి, అభిషేకమూ పై నుంచే. ఇంద్రుడు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. తారకాసురుని మెడలోని శివలింగాన్ని కుమారస్వామి ఛేదించగా అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిందనీ, అమరావతిలో ఇంద్రుడు, భీమవరంలో చంద్రుడు, పాలకొల్లులో విష్ణువు, ద్రాక్షారామంలో సూర్యుడు, సామర్లకోటలో కుమారస్వామి వాటిని ప్రతిష్ఠించారనీ మాస్టారు ఆ కథను కూడా శ్రద్ధగా, తక్కువ చేయకుండా చెప్పారు. కరపత్రంలోనూ ఈ కథ ఉంది. రాముడు ప్రతిష్ఠించాడన్న వాక్యానికీ ఈ కథకూ పొత్తు కుదరదన్న సంగతిని మాత్రం అచ్చువేసినవారు గమనించినట్టు లేదు.

ఇక్కడే సంస్థ మీద నా మొదటి అసంతృప్తి. గుడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ధాన్యకటక మహాచైత్యం, అంటే పాత బౌద్ధ స్తూపం, ఉంది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ ఇక్కడికి వచ్చినప్పుడు అది ఇటుకల కోసం తవ్వుతున్న దిబ్బ. అక్కడి సున్నపురాతి శిల్పాలు నేడు చెన్నై మ్యూజియంలోనూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఆరామం అన్న మాటను ఇంత బాగా చెప్పించిన సంస్థ, ఆ మాట ఒకనాడు బతికిన చోటును చూపించకుండానే బస్సెక్కించింది. అడిగితే "షెడ్యూలులో లేదండీ" అన్నారు. మాస్టారు బస్సులోనే కిటికీ వైపు చెయ్యి చాపి అటు ఉందని చెప్పి, అమరేశ్వరాలయంలో 1182 నాటి కోట కేతరాజు శాసనం గురించి వివరించారు. అందులో అమరేశ్వరుని ప్రస్తావనతో పాటు ఎత్తయిన బుద్ధ చైత్యం వర్ణన ఉంది. బుద్ధదేవునికి రాజు ఇచ్చిన గ్రామాలు, అఖండదీపాలు ఉన్నాయి. శివుని గుడిలో నిలిపిన రాతి మీద బుద్ధుని దీపాల లెక్క ఉండటాన్ని విన్నప్పుడు అమ్మ "రెండు దీపాలూ ఒకే నూనె కదా" అంది. ఆ శాసనాన్ని చూపించడానికి పది నిమిషాలు చాలేవి.

పంచారామాలన్నీ ఒకప్పుడు బౌద్ధ ఆరామాలేననీ, తరువాత శైవక్షేత్రాలుగా మారాయనీ చాలామంది చరిత్రకారులు రాశారు. పేరే దానికి సాక్ష్యమంటారు. మాస్టారు రెండు పక్షాలూ చెప్పి నిర్ణయం మాకు వదిలేశారు. నా అభిప్రాయం ఇది: అమరావతిలో బౌద్ధ ఆరామం కళ్లెదుటే ఉంది, అక్కడ వాదనకు బలం ఉంది. మిగతా చోట్ల పేరు ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. ఆరామం అంటే తోట అన్నది బౌద్ధం కంటే ముందు నుంచీ ఉన్న అర్థమే కాబట్టి, గోదావరి ఒడ్డున తోటల నడుమ వెలసిన శివునికి ఆ పేరు నేరుగా రావడానికీ అడ్డేమీ లేదు.

భీమవరం గునుపూడిలోని సోమారామం గురించి ఎక్కువ రాయవలసింది లేదు. క్యూ చాలా పెద్దది, మాకు దొరికిన సమయం చాలా చిన్నది. పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నలుపు తిరిగి కనిపిస్తుందని చెప్పే లింగాన్నీ, శివునికి పై అంతస్తులో ఉన్న అన్నపూర్ణ అమ్మవారినీ చూసి, చంద్రకుండాన్ని దూరం నుంచే చూసి బయటపడ్డాము.

పాలకొల్లులో మాత్రం ఒక మంచి విషయం నేర్చుకున్నాను. తొమ్మిది అంతస్తుల గాలిగోపురం ముందు నిలబడినప్పుడు మాస్టారు మా చేతిలోని కరపత్రాన్ని తెరవమన్నారు. అందులో స్వామి పేరు "క్షీరా రామలింగేశ్వర స్వామి" అని ఉంది. "క్షీరా" ఒక మాటగా, "రామలింగేశ్వర" మరో మాటగా విడిపోయింది. చాలాచోట్ల ఇలాగే రాస్తుంటారు. క్షీర, ఆరామ అన్న రెండు మాటలు సవర్ణదీర్ఘ సంధితో కలిసి క్షీరారామం అయ్యాయి. మొదటి "రా" మీద ఉన్న దీర్ఘంలో ఆరామపు మొదటి అక్షరం ఉంది. తప్పుగా విడదీయగానే ఆ అక్షరం క్షీరకు పోయింది, మిగిలినది రాముడైంది. అక్కడి నుంచి రాముడు ప్రతిష్ఠించాడనడానికి ఒక్క అడుగే. కరపత్రంలోని పొరపాటు ఎలా పుట్టిందో అక్కడ అర్థమైంది. ఉపమన్యువు అనే బాలునికి శివుడు పాలు ప్రసాదించిన చోటు కాబట్టి ఇది పాల తోట. క్షీరారామం అన్న పేరుకు ఇంత చల్లని అర్థం ఉండగా ఒక ఖాళీ తప్పు చోట పడినందుకు అది పోవడం నన్ను నిజంగా బాధించింది.

భోజనాల దగ్గర మాస్టారు దీనికి మరో ఉదాహరణ చెప్పారు. "ఆత్మారాముడు శాంతించాడా?" అని మనం ఆకలి తీరినవారిని అడుగుతాము. అందరమూ అది ఆత్మలో ఉన్న రాముడనుకుంటాము. ఆత్మ, ఆరాముడు అని విడదీయాలి. తనలోనే ఆనందించేవాడు, తనలోనే నిలిచినవాడు అని అర్థం. భగవద్గీతలో "అంతరారామః" అన్నదీ అదే, దానికి వ్యతిరేకంగా "ఇంద్రియారామః" అన్నదీ అదే. అన్నం తింటూ వింటున్న మాకు ఆ మాట అన్నంతో పాటే లోపలికి వెళ్లింది.

ద్రాక్షారామం చేరేసరికి మూడున్నర. పేరు విని ద్రాక్షతోట అనుకునేవారు చాలామంది. కానీ ఇది దక్షుని ఆరామం, దక్షారామం. దక్షవాటిక అన్న పేరూ ఉంది. వాటిక అన్నా తోటే కాబట్టి రెండు పేర్లూ ఒకే మాట చెబుతున్నాయి. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసింది ఈ క్షేత్రాన్ని గురించే. రెండు అంతస్తుల గర్భగుడి, మసక వెలుగులో పైదాకా లేచిన లింగం, మాణిక్యాంబ అమ్మవారు, సప్తగోదావరి గుండం, గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలు. ఈ ఒక్క ఆలయం చూడటానికే ఒక పూట కావాలి. మాకు ఇచ్చింది నలభై నిమిషాలు, అందులో సగం క్యూలోనే పోయింది.

దర్శనం అయ్యాక ప్రాకారంలోని మండపం అరుగు మీద కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. చెప్పులు లేని కాళ్లు చాపుకుని, ఒక చేత్తో మోకాలు నొక్కుకుంటూ, ఇంకో చేత్తో చల్లని రాతిని తడుముతోంది. సంస్థ మనిషి వచ్చి "బస్సు తీస్తున్నారమ్మా, లేవండి" అన్నాడు. ఆవిడ "జరసేపు ఆరాంగ కూసుండనియ్యి బిడ్డా, పొద్దుగాల్నుంచి ఉరుకుడే అయింది" అంది. పక్కనే ఉన్న మాస్టారు ఆగిపోయారు. "అమ్మా, ఇప్పుడు మీరన్న మాటే ఈ గుడి పేరు" అన్నారు. ఆరాం అన్న మాట మనకు పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అయితే పారసీకమూ సంస్కృతమూ ఒకే పాత భాషా కుటుంబానికి చెందినవి, అక్కడి ఆరామూ ఇక్కడి ఆరామమూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. ఒకటి హైదరాబాదు దారిన తెలంగాణ పల్లెకు చేరింది, మరొకటి అమరకోశం దారిన గోదావరి గుడికి చేరింది. ఆ రెండూ ఆ అరుగు మీద కలుసుకోవడాన్ని నేను కళ్లారా చూశాను. మాస్టారు చెబుతుంటే ఆవిడ "అట్లనా సారూ, అయితే గీడ కూసునుడు తప్పు గాదన్నట్టు" అని ఇంకాస్త వెనక్కి జరిగి స్తంభానికి ఆనుకుంది. సంస్థ మనిషి మరి తొందరపెట్టలేదు. ఆ పది నిమిషాలే మా యాత్రలో అసలైన దర్శనమని నేను అనుకుంటున్నాను.

ఈ సేవలో పెద్ద లోపం కూడా అక్కడే తెలుస్తుంది. ఆరామం అంటే ఆగే చోటని ఉదయం మైకులో చెప్పించి, రోజంతా ఎక్కడా ఆగనివ్వకపోవడం సరైన ఏర్పాటు కాదు. ఒకే రోజున అయిదూ చూడాలన్న భక్తుల కోరికను నేను తక్కువ చేయడం లేదు, మా అమ్మదీ అదే కోరిక. కానీ వృద్ధులు ఎక్కువగా వచ్చే యాత్ర ఇది. ప్రతి చోటా దర్శనం తరువాత పావుగంట కూర్చునే వీలు షెడ్యూలులోనే ఉండాలి. బయలుదేరే వేళను ఒక గంట ముందుకు జరిపి, దారిలో రెండుసార్లు టీ కోసం ఆపే సమయాన్ని ఒక్కసారికి తగ్గిస్తే ఆ సమయం దొరుకుతుంది.

సామర్లకోట చేరేసరికి దీపాలు పెట్టారు. 9వ శతాబ్దం చివర, 10వ శతాబ్దం మొదట పాలించిన తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముని పేరుతో ముడిపడిన ఆలయం ఇది. ఈ ఊరికి చాళుక్య భీమవరమన్న పాత పేరు కూడా ఉంది. కింది అంతస్తులో మొదలైన సున్నపురాతి లింగం పై అంతస్తులోకి లేచి ఉంటుంది. రెండు అంతస్తుల్లోనూ ప్రదక్షిణ చేశాము. ఇక్కడ జనం తక్కువ, సంస్థవారికీ ఇదే చివరి మజిలీ కావడంతో తొందర లేదు. అమ్మ ఉసిరికాయ మీద వత్తి వెలిగించి, అది కొండెక్కేదాకా పక్కనే కూర్చుంది.

మొత్తం మీద ఈ యాత్రను ఎవరికి సూచిస్తానంటే, మొదటిసారి వెళ్లేవారికి, నడవగలిగినవారికి, వినే ఓపిక ఉన్నవారికి తప్పకుండా సూచిస్తాను. ఇచ్చిన డబ్బుకు బస్సు, భోజనం, దర్శనాలు న్యాయంగానే అందాయి. మాస్టారి వివరణకు విడిగా టికెట్టు పెట్టినా నేను కొనేవాణ్ణి. మోకాళ్ల నొప్పులున్నవారు, శాసనాలూ శిల్పాలూ చూడాలనుకునేవారు మాత్రం సొంతంగా రెండు రోజులు పెట్టుకుని, రాత్రికి ద్రాక్షారామం దగ్గర ఆగడం మేలు. అమరావతిలో మహాచైత్యాన్నీ, పక్కనున్న మ్యూజియాన్నీ వదిలిపెట్టవద్దు. బస్సు ఎక్కేముందు వ్యాఖ్యాత ఎవరని తప్పక అడగండి. వ్యాఖ్యాత లేని బస్సయితే ఇది అయిదు క్యూల ప్రయాణమే అవుతుంది.

తిరిగి వచ్చాక సంస్థకు ఒక ఉత్తరం రాశాను. కరపత్రంలో రాముని వాక్యం తీసేయమనీ, స్వామి పేరును క్షీరారామ లింగేశ్వర స్వామి అని కలిపి అచ్చువేయమనీ, అమరావతిలో మహాచైత్యానికి అరగంట ఇవ్వమనీ, రెండు రోజుల యాత్ర కూడా పెట్టమనీ కోరాను. వారం తరువాత వారే ఫోను చేశారు. పేరు వచ్చే కార్తీకానికి దిద్దుతామన్నారు, మహాచైత్యం గురించి ఆలోచిస్తామన్నారు. రెండు రోజుల యాత్రకు జనం వస్తారా అని అనుమానంగా అడిగారు. అమ్మ పేరూ నా పేరూ ఇప్పుడే రాసుకోమని చెప్పాను.